అదే గోడు, రెండో దావా: అమెరికా ఖైదీల కేసుల్ని కోర్టులు ఎప్పుడు కొట్టేస్తాయి?

టెక్సాస్ జైల్లో ఒక ఖైదీ ఉన్నాడనుకుందాం. షుగర్ మనిషి. మార్చిలో పది రోజులు ఇన్సులిన్ ఇవ్వలేదని జైలు నర్సు మీద ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. లాయరు లేడు, ఫారం తనే నింపుకున్నాడు. నాలుగు నెలలైనా కోర్టు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాగితాలు అసలు చేరాయో లేదోనన్న అనుమానంతో అదే సంగతి మళ్లీ రాసి, ఈసారి వార్డెన్ పేరు కూడా చేర్చి, ఇంకో దావా పంపాడు. కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది: రెండో దావా కొట్టివేత. ఇన్సులిన్ ఇచ్చారా, ఇవ్వలేదా అన్న ఊసే అందులో లేదు.

ఆ ఉత్తర్వు చదివితే కోర్టు తన మొర వినలేదనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ మొర మొదటి ఫైల్లో అలాగే ఉంది. కోర్టు కాదన్నది రెండో ఫైలును మాత్రమే.

రాష్ట్ర ప్రభుత్వాల అధికారులు రాజ్యాంగ హక్కులకు భంగం కలిగిస్తే ఫెడరల్ కోర్టుకు వెళ్లే దారి 1871 నాటి చట్టం ఇచ్చింది. ‘సెక్షన్ 1983’ అని అందరూ పిలిచేది దాన్నే. ఖైదీలకూ ఆ దారి ఉందని సుప్రీంకోర్టు 1964లో కూపర్ వర్సెస్ పేట్ కేసులో తేల్చింది. తర్వాత జైళ్ల నుంచి దావాలు వేలల్లో వచ్చిపడ్డాయి. 1996లో క్లింటన్ సంతకంతో ఖైదీల వ్యాజ్యాలకు కళ్లెం వేసే చట్టం వచ్చింది. ప్రభుత్వం మీదో దాని అధికారుల మీదో ఖైదీ వేసిన దావాను జడ్జి ముందే జల్లెడ పట్టాలి. పస లేనిదనో, దురుద్దేశంతో వేసిందనో తోస్తే ప్రతివాదులకు సమన్లు పోకముందే కొట్టేయవచ్చు. రెండోసారి వేసిన దావాలు చాలావరకు ఆగిపోయేది ఇక్కడే.

ఈ చట్టంతో పనిలేకుండా కూడా కోర్టుకు ఆ అధికారం ఉంది. ఒకే తగవు మీద రెండు ఫెడరల్ కోర్టులు తలలు బద్దలు కొట్టుకోకూడదన్న సాధారణ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1976లో కొలరాడో రివర్ కేసులో చెప్పింది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 10 ప్రకారమైతే తర్వాతి దావా విచారణ ఆగుతుంది. అక్కడ మాత్రం ఏకంగా కొట్టేసే అవకాశం ఉంది.

ఇంతకీ ‘అదే దావా’ అని ఎలా తేలుస్తారు? మామూలు కేసుల్లో కక్షిదారులు, అభియోగం, కోరిన పరిహారం, మూడూ చూస్తారు. ఫీజు కట్టలేనని చెప్పి దావా వేసిన ఖైదీ విషయంలో కొన్ని అప్పీలు కోర్టులు అంతకంటే గట్టిగా ఉంటాయి. టెక్సాస్ మీద అధికారం ఉన్న అయిదో సర్క్యూట్ లెక్కలో, అదే సంఘటనల మీద వేసిన దావాలో ప్రతివాదుల పేర్లు మార్చినంత మాత్రాన అది కొత్త దావా కాదు. కాబట్టి వార్డెన్ పేరు చేర్చినా మన ఖైదీకి ఒరిగిందేమీ లేదు. ఆ పేరును మొదటి కేసులోనే సవరణగా చేర్చమని అడగాల్సింది.

ఆ సవరణలోనూ ఒక చిక్కుంది. సవరించిన ఫిర్యాదు మీద పాత కేసు నంబరు వేయకపోతే కోర్టు క్లర్కు దాన్ని కొత్త దావాగా నమోదు చేసే ప్రమాదం ఉంది. అంటే ఖైదీ అడగని రెండో కేసు దానంతటదే పుడుతుంది. జడ్జి గమనిస్తే ఆ కాగితాల్ని పాత ఫైల్లోకి మార్పిస్తారు, గమనించేలోగా ఫీజు నోటీసు వెళ్లిపోవచ్చు. ఇక ఫారంలో ‘ఇదే విషయమై ఇంతకుముందు దావా వేశారా?’ అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ నిజం దాస్తే అదే కొట్టివేతకు కారణం కావచ్చు.

పాతదానిలా కనిపించే ప్రతిదీ పాతది కాదు. మార్చి సంగతి మీద దావా నడుస్తుండగా సెప్టెంబరులో మళ్లీ ఇన్సులిన్ ఆపేస్తే అది వేరే సంఘటన. దానికి వేరే దావా వేయవచ్చు, ముందుగా జైలు లోపలి ఫిర్యాదు ప్రక్రియ మాత్రం పూర్తి చేయాలి. ఆ ప్రక్రియ పూర్తి చేయలేదన్న కారణంతో మొదటి దావా పోయి ఉంటే, పూర్తి చేసుకుని గడువులోగా తిరిగి రావడం కూడా పునరావృతం కిందకు రాదు. తేదీలు చూడకుండా పేర్లు, జబ్బు మాత్రమే చూసి రెండింటినీ ఒకే గాటన కట్టే ఉత్తర్వు నా దృష్టిలో తప్పు ఉత్తర్వే.

అసలు దెబ్బ డబ్బు దగ్గర పడుతుంది. పేద ఖైదీకీ 350 డాలర్ల ఫీజు మాఫీ కాదు, వాయిదాల్లో కోస్తారు. మొదట కొంత పోయాక, ఖాతాలో పది డాలర్లకు మించి ఉన్నప్పుడల్లా అంతకుముందు నెల జమలో 20 శాతం పోతుంది. రెండు కేసులుంటే రెండు 20 శాతాలు అని సుప్రీంకోర్టు 2016లో బ్రూస్ వర్సెస్ శామ్యూల్స్ కేసులో ఖాయం చేసింది. ఇంటి నుంచి 50 డాలర్లు వస్తే చేతికి 30 మిగులుతాయి. దావా కొట్టేసినా ఫీజు బాకీ అలాగే ఉంటుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ‘దురుద్దేశం’ అన్న ముద్ర ఒకటి. దావా అందుకే కొట్టేశారంటే ‘స్ట్రైక్’ పడినట్లే. మూడు పడితే, తీవ్రమైన శారీరక హాని ముంచుకొస్తోందని చూపితే తప్ప, వాయిదాల సౌకర్యం ఉండదు. పరిపాలనా రుసుముతో కలిపి 405 డాలర్లు ఒక్కసారే కట్టాలి. రెండో ఫైలు మూసేయడంలో అన్యాయం లేదు. కానీ ఉత్తరం చేరిందో లేదో తెలియక మళ్లీ రాసినవాడినీ, కావాలని కోర్టును విసిగించేవాడినీ ఒకే మాటతో కొట్టడం నాకు సమ్మతం కాదు. అయిదో సర్క్యూట్ కూడా 1993లో పిట్‌మన్ వర్సెస్ మూర్ కేసులో, రెండో దావా కొట్టివేత మొదటిదానికి అడ్డు కాకూడదని ఉత్తర్వును సవరించింది. ఖైదీకి ఒక్క అవకాశమైనా పూర్తిగా దక్కాలన్నది దాని సారం.

కొట్టివేత మీద 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు. దానికి 605 డాలర్ల ఫీజు వేరే పడుతుంది, పస లేదని తోసిపుచ్చితే ఇంకో స్ట్రైక్ వచ్చే వీలుంది. రెండు దావాలూ నిజంగా ఒకటే అయితే ఆ ఖర్చు దండగ. మొదటి కేసు నంబరు పైన స్పష్టంగా వేసి, అది ఏ దశలో ఉందో అడుగుతూ క్లర్కుకు ఉత్తరం రాస్తే దానికి అయ్యేది తపాలా బిళ్ల ఖర్చే.