బరువు భుజం దిగిన కథ

ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం వైపు ఎక్కుతున్నాం. నా వీపు మీద 45 లీటర్ల సంచి, అందులో పన్నెండు కిలోల సామాను. గంట తిరిగేసరికి మెడకీ భుజానికీ మధ్య కండ రాయిలా బిగుసుకుపోయింది. పట్టీల కింద బొటనవేళ్లు దూర్చి, బరువును కాస్త పైకెత్తి పట్టుకుంటే తప్ప అడుగు పడటం లేదు. వెనకే వస్తున్న గైడు చూసి, "నడుం పట్టీ వదిలేశారేంటి సార్, బిగించండి" అన్నాడు. బిగిస్తే అది పొట్ట మీదికొచ్చి కూర్చుంది. తుంటి దాకా దిగనే లేదు. సంచి నా వీపుకన్నా పొట్టిదని అప్పుడు తెలిసింది. కొనేటప్పుడు రంగు చూశాను, జేబులు లెక్కపెట్టాను, లీటర్లు అడిగాను. వీపు కొలత చూసుకోవాలన్న ఊహే రాలేదు.

బరువు మోయడం మనకు కొత్త కాదు. చుట్టకుదురు మీద బిందె పెట్టుకుని ఆడవాళ్లు మైళ్లు నడిచారు. తలమీది బరువు నిలువుగా వెన్నులోంచి కాళ్లలోకి దిగుతుంది. కావడి సంగతీ అంతే: ముందొక బుట్ట, వెనకొక బుట్ట, మనిషి మధ్యలో. ఏ పక్కకీ లాగదు. వీపు సంచికి ఈ సుఖం లేదు. దాని బరువంతా వెనకే ఉండి మనిషిని వెనక్కే లాగుతుంది. ఆ లాగుడుకి ఎదురుగా మనం ముందుకు వంగుతాం, నడుము పట్టేస్తుంది. పన్నెండు కిలోల బరువు కేంద్రం వీపుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటి లాగుడుతో పోలిస్తే, 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే లాగుడు రెట్టింపు. సామాను అదే, మనిషీ అదే. ఈ చిక్కును విప్పుకుంటూ వచ్చిన కథే బ్యాక్‌ప్యాక్ జీవిత కథ.

అది చాలా పాత కథ. 1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దున ఆల్ప్స్ మంచులో సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి దేహం దొరికింది. ఊట్జీ అని పేరు పెట్టారు. అతని సామాన్లలో యూ ఆకారంలో వంచిన హేజెల్ కర్ర ఒకటి, లార్చ్ చెక్క బద్దలు రెండు ఉన్నాయి. అవి వీపున బరువు మోసే చట్రం ముక్కలని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మంచులో నడిచే తొడుగులో భాగమన్నవారూ ఉన్నారు. మొదటిదే నిజమైతే, సంచికి ఎముక కావాలన్న సంగతి మనిషికి అప్పుడే తెలుసు.

1909లో నార్వేకి చెందిన ఓలె బెర్గన్ ఆ ఎముకను ఉక్కు గొట్టంతో చేసి పేటెంట్ తీసుకున్నాడు. వేటకెళ్లినప్పుడు గుడ్డసంచి వీపుకు గుచ్చుకుంటుంటే, కొమ్మ ఒకటి వీపు వంపుకు సరిపడా వంచి సంచికి కట్టాడని, ఉక్కు చట్రానికి అదే నమూనా అయిందని చెబుతారు. బ్రిటిష్ సైనికులు ఇప్పటికీ తమ వీపు సంచిని 'బెర్గన్' అనే పిలుస్తారు. 1920లలో అమెరికాలో లాయిడ్ నెల్సన్ చెక్క చట్రానికి కాన్వాస్ బిగించి అమ్మాడు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసుల సంచి చూసి నేర్చుకున్న పద్ధతి అది. సంచి రూపు కుదిరింది కానీ, బరువు మాత్రం ఇంకా భుజాల మీదే ఉంది.

దాన్ని దించినవాళ్లు కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ఉండే డిక్, నీనా కెల్టీ దంపతులు. 1951లో సియెర్రా నెవాడా కొండల్లో నడుస్తున్నప్పుడు చట్రం కింది కొనలను ప్యాంటు వెనక జేబుల్లో దూర్చగానే భుజాలు ఒక్కసారిగా తేలికపడ్డాయి. బరువు తుంటి మీదికి దిగింది. మరుసటి ఏడాది 500 డాలర్ల అప్పుతో పని మొదలుపెట్టారు. డిక్ వీపు వంపుకు తగ్గట్టు అల్యూమినియం గొట్టాలను వంచి చట్రాలు చేశాడు. నీనా సంచులు కుట్టింది. ప్యాంటు జేబుల పనిని నడుం పట్టీకి అప్పగించారు. మొదటి ఏడాది అమ్ముడైనవి 29 సంచులు, ఒక్కోటి 24 డాలర్లు. 1963లో ఎవరెస్ట్ ఎక్కిన అమెరికన్ బృందం వీపుల మీద వీళ్ల సంచులున్నాయి. నా మటుకు నాకు, ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఆ వెనక జేబులే.

అక్కడి కిటుకు చూడండి. గుడ్డ లాగగలదు, నెట్టలేదు. మెత్తటి సంచికి ఎంత మంచి నడుం పట్టీ కుట్టినా బరువు కింద గుడ్డ ముడుచుకుపోతుంది, పట్టీకి ఏమీ అందదు, భారమంతా మళ్లీ భుజాలదే. గట్టి కమ్మీ ఉంటేనే అది పైబరువును కిందికి నెట్టి తుంటి ఎముకకు చేరవేస్తుంది. తుంటికింద తొడలున్నాయి, శరీరంలో అతి పెద్ద కండరాలు. భుజం చెయ్యి ఆడించడానికి పుట్టింది, మూట మోయడానికి కాదు. మన బడిపిల్లల సంచుల్లో ఈ కమ్మీ లేదు, నడుం పట్టీ లేదు. సంచి బరువు పిల్లల బరువులో పదోవంతు మించకూడదని 2020లో కేంద్రం విధానం ప్రకటించింది. ఉదయం బస్సు ఎక్కే పిల్లల వీపులు చూస్తే నాకు బాధేస్తుంది.

బయట చట్రానికీ ఒక లోపం ఉంది. రాతి గోడ ఎక్కేటప్పుడు అది అటూఇటూ ఊగి మనిషిని తూలిస్తుంది. 1967లో గ్రెగ్ లో అనే అమెరికన్ పర్వతారోహకుడు కమ్మీలను సంచి లోపలికే చేర్చాడు. సంచి వీపుకు అతుక్కుంది, బరువు కేంద్రం దగ్గరైంది. ఛాతీ పట్టీ, భుజాల పైనుంచి సంచిని ముందుకు లాగే చిన్న పట్టీలు కూడా అతని చలవే. ఇవాళ కొండలెక్కే సంచులు చాలావరకు ఈ పద్ధతివే.

కొనబోయే ముందు ఇంట్లో టేపు తీయండి. తల వంచితే మెడ మొదట్లో ఒక ఎముక బుడిపెలా చేతికి తగులుతుంది. నడుం మీద చేతులు పెట్టుకుని తుంటి ఎముక పైఅంచును తడమండి. వెన్ను మీద ఆ రెంటికీ మధ్య దూరమే మీ సంచి సైజు. మనిషి పొడుగుతో దీనికి నేరుగా సంబంధం లేదు. ఆరడుగుల వాడి వీపు పొట్టిగా ఉండొచ్చు, కాళ్లే పొడుగు కావచ్చు. దుకాణంలో ఖాళీ సంచి తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఎనిమిది, పది కిలోలు వేయించండి. బరువైనవి వీపును ఆనుకుని, మధ్య ఎత్తులో ఉండాలి. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుం పట్టీని తుంటి ఎముక అంచు మీద బిగించండి. తర్వాత భుజం పట్టీలు, ఆపైన చిన్నవి, చివర ఛాతీది. అలాగే దుకాణంలో పావుగంట తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. అప్పుడు భుజం మీద పట్టీ కింద వేలు దూర్చి చూడండి. అహోబిలంలో నా బొటనవేళ్లు అక్కడే నలిగాయి. ఈసారి కొన్న సంచికి ఆ చోట నా వేలు సులువుగా దూరి వచ్చేసింది.