సాంద్రత - ఒక విమానము చెప్పిన పాఠము

ఒకే లీటరు పాత్రలో నీటిని, కొబ్బరినూనెను, పాదరసమును వేర్వేరుగా నింపి తూచినచో నీరు సుమారు 1 కిలోగ్రాము, నూనె సుమారు 0.92 కిలోగ్రాము, పాదరసము సుమారు 13.6 కిలోగ్రాములు తూగును. ఘనపరిమాణము మారలేదు, ద్రవ్యరాశి మారినది. ప్రమాణ ఘనపరిమాణము గల పదార్థము యొక్క ద్రవ్యరాశినే దాని సాంద్రత అందురు.

దీనినుండి రెండు సూత్రములు లభించును. ఘనపరిమాణమును సాంద్రతచే గుణించిన ద్రవ్యరాశి వచ్చును. ద్రవ్యరాశిని సాంద్రతచే భాగించిన ఘనపరిమాణము వచ్చును. అయితే సాంద్రతను ఏ ప్రమాణములలో తెలిపినారో ముందుగా గమనింపవలెను. ఈ జాగ్రత్త లోపించుటచే 1983 జూలై 23న కెనడాలో 69 మంది ప్రాణములు అపాయమున పడినవి.

ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానము మాంట్రియల్ నుండి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ చేరవలసియుండెను. ఉష్ణోగ్రతను బట్టి ద్రవముల ఘనపరిమాణము మారును గాని ద్రవ్యరాశి మారదు. కనుక విమాన ఇంధనమును ద్రవ్యరాశిలో లెక్కింతురు. ఆ ప్రయాణమునకు 22,300 కిలోగ్రాములు కావలెను. ఇంధన సూచికలు పనిచేయకపోవుటచే కొలకడ్డీతో చూచి, ట్యాంకులలో 7,682 లీటర్లు ఉన్నట్లు తేల్చిరి.

ఆ ఇంధనపు సాంద్రత లీటరుకు 0.803 కిలోగ్రాము. కాని లెక్కలో వాడిన సంఖ్య 1.77, అది లీటరుకు పౌండ్లలో చెప్పిన విలువ. 7,682ను 1.77చే గుణింపగా వచ్చిన 13,597ను కిలోగ్రాములని భావించి, తక్కువైన 8,703ను మరల 1.77చే భాగించి, 4,916 లీటర్లు మాత్రమే నింపిరి.

సరియైన లెక్క ఇది: 7,682 × 0.803 = 6,169 కిలోగ్రాములు. తక్కువైనది 16,131 కిలోగ్రాములు. దీనిని 0.803చే భాగించిన 20,088 లీటర్లు. అనగా పోయవలసిన దానిలో నాలుగవ వంతు మాత్రమే పోసిరి.

మార్గమధ్యమున ఇంధనము అడుగంటి, ఇంజనులు రెండును ఒకదాని వెంట నొకటి ఆగినవి. గ్లైడరు నడపుటలో అనుభవము గల కెప్టెన్ పియర్సన్, విమానమును గిమ్లీ యందలి పాత వైమానిక స్థావరమున దింపెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు.

ఇట్టి పొరపాటును పట్టుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. విమాన ఇంధనము కిరోసిను జాతిది. కిరోసిను నీటిపై తేలును. నీటి సాంద్రత లీటరుకు 1 కిలోగ్రాము కాగా, దానిపై తేలు ద్రవమునకు 1.77 కిలోగ్రాములు ఎట్లు ఉండగలదు? ప్రయోగశాలలో గాని, పరీక్షపత్రములో గాని సంఖ్య ప్రక్కన దాని ప్రమాణమును వ్రాసి, పిమ్మట ఇట్టి ప్రశ్న నొకదానిని వేసికొనుట విద్యార్థులకు మేలు.