గల్లాపెట్టె దగ్గర కూర్చునే అక్కచెల్లెళ్ళకు...

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ మనం దొంగ అనుకున్నవాడు దొంగ కాకపోతే? ఆ తప్పు నేను చేశాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది వేంసూరు. ఇంటి ముందుగదిలోనే కిరాణా కొట్టు. మావారు సరుకుకు సత్తుపల్లి వెళితే, ఓ పక్క వంట చేసుకుంటూ కొట్టు చూసుకునేది నేనే. మామిడికోతల రోజుల్లో సాయంత్రమయ్యేసరికి కూలీలంతా ఒక్కసారే వస్తారు. అందుకని ఒక కుర్రాణ్ణి సాయానికి పెట్టుకున్నాం. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నవాడు. నన్ను ‘అత్తా’ అని పిలిచేవాడు.

ఓ రాత్రి లెక్క చూస్తే గల్లాలో ఆరువందలు తక్కువొచ్చింది. అప్పటికింకా నలుగురు బేరగాళ్ళున్నారు. వాళ్ళ ముందే ‘ఏదీ, జేబులు చూపించరా’ అన్నాను. వాడు కిక్కురుమనకుండా రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. ఒక దువ్వెన, పది రూపాయల నోటు. అంతే! మర్నాడు పనికి రాలేదు.

నాలుగో రోజున పాలాయన వచ్చి, ‘మొన్న ఆరువందలు ఇచ్చారుగా అమ్మా, మిగతా బాకీ ఎప్పుడిస్తారు?’ అన్నాడు. నా గుండె గుభేలుమంది. పొయ్యి మీద పప్పు మాడుతోందన్న తొందరలో ఆ డబ్బు గల్లాలోంచి తీసిచ్చింది నేనే. పద్దు రాయడం మర్చిపోయాను. వాళ్ళింటికి వెళ్ళి తప్పయిందని చెప్పాను. ‘పర్లేదులే అత్తా’ అన్నాడు గానీ, మళ్ళీ మా కొట్టు మెట్లు ఎక్కలేదు.

అప్పటినుంచీ మా కొట్లో పద్ధతులు మార్చుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

ముందు లెక్క, తర్వాతే అనుమానం

తగ్గిందల్లా దొంగతనం కాదు. బస్తాలో తరుగు, ఎలకలు కొట్టినవి, తేదీ దాటినవి, రాయని అరువులు, చిల్లర పొరపాట్లు అన్నీ కలిసే లోటొస్తుంది. గల్లాకు ఒక పుస్తకం, పెన్నూ దారంతో కట్టేశాను. ఇంటి ఖర్చుకు పది రూపాయలు తీసినా రాయాల్సిందే. నేనైనా, మావారైనా! రాత్రి లెక్క ఇద్దరం కూర్చుని చూస్తాం. సబ్బులు, షాంపూలు, అగరొత్తుల్లాంటివి వారానికోసారి లెక్కపెడితే, ఏది తగ్గుతోందో దానంతటదే తెలుస్తుంది.

గంట మోగాలి

ఈ బాధ మనకొక్కరికే కాదు. అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో జేమ్స్ రిట్టీ అనే సారాకొట్టు యజమాని, పనివాళ్ళు డబ్బు జేబులో వేసుకుంటున్నారని 1879లో అమ్మకాలు లెక్కపెట్టే యంత్రం తయారుచేశాడు. తర్వాత వచ్చిన యంత్రాల్లో సొరుగు తెరిస్తే గంట మోగేది. ఇప్పుడు మన కొట్లలో ‘ఇన్ని రూపాయలు వచ్చాయి’ అని పలికే డబ్బా కూడా అలాంటిదే. ఎవరైనా ఫోన్లో ఫోటో చూపించి ‘పంపేశాను’ అంటే సరిపోదు, డబ్బా పలకాలి. క్యూఆర్ కాగితం మీద ఇంకొకటి అంటించి పోయే మోసగాళ్ళున్నారు. పొద్దున్నే ఒక్క రూపాయి పంపి మన ఖాతాలోనే పడిందో లేదో చూసుకోండి.

సరుకు కంటి ముందుండాలి

పూర్వం మనం అడిగితే కొట్టువాడు తీసిచ్చేవాడు. 1916లో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ ‘పిగ్లీ విగ్లీ’ అని కొట్టు పెట్టి, ఎవరికి కావలసినవి వాళ్ళే తీసుకునే పద్ధతి తెచ్చాడు. దాంతోపాటే, తీసుకున్నవన్నీ బయటికెళ్ళేచోట లెక్క కట్టించుకునే ఏర్పాటూ చేశాడు. అరలు పెట్టుకునేవాళ్ళు రెండోది మర్చిపోకూడదు. బయటికి ఒక్కటే దారి ఉండాలి. చిన్నవి, ఖరీదైనవి గల్లా పక్కనే ఉంచాలి. అరలు మన తలకంటే ఎత్తుగా ఉండకూడదు. వచ్చినవాళ్ళను ‘రా వదినా, ఏం కావాలి?’ అని పలకరించాలి. మర్యాదకు మర్యాద, కాపలాకు కాపలా!

దొరికితే?

పసివాడు చాక్లెట్ తీస్తే వీధిలో అరవకండి. వాళ్ళమ్మను పక్కకు పిలిచి చెబితే చాలు. పెద్దవాళ్ళైతే ‘అది బిల్లులో వెయ్యడం మర్చిపోయామండీ’ అంటే చాలామంది తీసి ఇచ్చేస్తారు. ఒంటి మీద చెయ్యి వేసి వెతకడం, కొట్టడం, గదిలో పెట్టి తలుపెయ్యడం మాత్రం చెయ్యకండి, అది మన మీదే కేసవుతుంది. మాటలతో తేలకపోతే పోలీస్ స్టేషన్ ఉంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి మూడేళ్ళ దాకా, యజమాని సొత్తు దొంగిలించిన పనివాడికి ఏడేళ్ళ దాకా జైలు ఉంది. అయిదు వేల లోపు సొత్తు మొదటిసారి తీసి, తిరిగి ఇచ్చేసినవాళ్ళకు జైలు బదులు సమాజసేవ శిక్ష పెట్టారు. చట్టమే అంత ఆలోచిస్తే, మనం ఒక్క నిమిషం ఆగలేమా?

పనివాళ్ళ కష్టం

జీతం చెప్పిన తేదీకి ఇవ్వండి. ఇంట్లో జ్వరాలొస్తే అడ్వాన్సు అడిగే చనువు ఉండనివ్వండి. వాళ్ళకు కావలసిన సరుకు కొన్న ధరకే ఇచ్చి పద్దులో రాయండి. నోరు తెరిచి అడగగలిగితే గల్లాలో చెయ్యి పెట్టాలన్న బుద్ధి చాలామందికి పుట్టదు. అప్పటికీ తేడా వస్తే, అందరూ వెళ్ళాక, పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కళ్ళతోనే అడగండి.

ఆ కుర్రాడు ఇప్పటికీ దారిలో కనబడితే ‘బాగున్నారా అత్తా?’ అంటాడు. నాకే తలెత్తి జవాబు చెప్పడం కష్టంగా ఉంటుంది. పోయిన ఆరువందలు పద్దులో దొరికాయి. ఆ రోజు నలుగురి ముందు నేను తీసిన పరువును ఏ పద్దులో రాసి తీర్చను, చెప్పండి?