ప్రతిజ్ఞ నోటికి వస్తది సరే, ప్రశ్న అడిగితే చెప్పగలమా?

ఈ ఎపిసోడ్ చూస్తున్న మీరంతా బడిలో పొద్దున ప్రేయర్‌లో చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చెప్పినవాళ్ళే. ఏడాదికి 220 రోజులు బడి నడిచింది అనుకుందాం. పదేళ్ళకు 2,200 సార్లు. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తాం. మరి ఇన్నిసార్లు చెప్పినదాంట్ల ఒక్క వాక్యం గురించైనా మిమ్మల్ని ఎవరైనా ప్రశ్న అడిగారా? "ఈ మాట అన్నావు గదా, అంటే ఏం చేస్తావు?" అని?

అడగరు. అడిగే చోటు ఒకటుంది, దాని గురించి చెప్తా. ముందు మన ఇంటి సంగతి తెలుసుకుందాం. ఎందుకంటే ఆ ప్రతిజ్ఞ రాసినాయన మన నల్లగొండ జిల్లావాడే.

ఆయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1916లో నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో పుట్టారు. తెలుగుతో పాటు సంస్కృతం, హిందీ, ఇంగ్లీషు, అరబిక్ కూడా తెలిసిన మనిషి. నవల కూడా రాశారు. ఉద్యోగం మాత్రం ట్రెజరీలో. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు ఈ ప్రతిజ్ఞ రాశారు. రాసింది తెలుగులోనే. దేశంలో మిగతా భాషల పిల్లలంతా చెప్పేది దాని అనువాదం అన్నట్టు.

1962 అంటే గుర్తుపెట్టుకోండి, చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది. దేశం బెంగపడ్డ కాలం. సుబ్బారావు గారు రాసినదాన్ని తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అప్పటి రాష్ట్ర విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు గారికి చేర్చారు. 1963లో విశాఖలో ఒక బడిలో పిల్లలు మొదటిసారి చదివారు. 1964లో బెంగళూరులో కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం జరిగింది. దానికి అధ్యక్షుడు అప్పటి కేంద్ర విద్యామంత్రి ఎం.సి. ఛాగ్లా. దేశంలో అన్ని బడుల్లో పిల్లలతో ప్రతిజ్ఞ చెప్పించాలని అక్కడ అనుకున్నారు. 1965 జనవరి 26 నుంచి అమలైంది.

ఇక్కడ విచిత్రం చూడండి. తన మాటలు దేశమంతా వినిపిస్తున్నాయని సుబ్బారావు గారికే చాలా ఏళ్ళు తెలియదు. మనవరాలు పాఠ్యపుస్తకం చదువుతుంటే విని, ఇది నేను రాసిందే గదా అని గుర్తుపట్టారని చెప్తారు. 1988లో ఆయన పోయారు. మన పుస్తకాల్లో ప్రతిజ్ఞ కింద ఆయన పేరు వేయడం చాలా ఆలస్యంగా మొదలైంది.

పేరు సంగతి సరే. రాసినాయన ఎవరో తెలియకుండా, చెప్పేదాని అర్థం తెలియకుండా కోట్ల మంది పిల్లలు చెప్పుకుంటూ పోయారు. తప్పు పిల్లలది కాదు. చెప్పించడం ఉంది, అడగడం లేదు. అంతే.

ఇప్పుడు అడిగే చోటుకు పోదాం. అమెరికాలో వ్యవసాయం చదువుకునే బడిపిల్లలకు ఎఫ్‌ఎఫ్‌ఏ అని ఒక సంఘం ఉంది. 1928లో పెట్టారు. నీలం రంగు కార్డురాయ్ జాకెట్లు వేసుకుంటారు, ఫొటోల్లో చూసే ఉంటారు. వాళ్ళకూ ఒక ప్రతిజ్ఞ లాంటిది ఉంది, 'క్రీడ్' అంటారు. ఇ.ఎం. టిఫనీ అనే ఆయన రాశారు. 1930లో వాళ్ళ మూడో జాతీయ మహాసభలో ఆమోదించారు. మొత్తం ఐదు పేరాలు. వ్యవసాయానికి భవిష్యత్తు ఉందని నమ్ముతున్నా అనే భావంతో మొదలైతది. సేద్యంలో సంతోషమూ ఉంది, కష్టమూ ఉంది, రెండూ నాకు తెలుసు అని ఒప్పుకుంటది. బాగా పండించడమే కాదు, తెలివిగా అమ్ముకోవాలి, ఒకరి ముందు చెయ్యి చాపకుండా బేరమాడే శక్తి రైతుకు రావాలి అనే అర్థం కూడా ఉంది.

1930 అంటే అమెరికాలో మహా మాంద్యం మొదలైన రోజులు. పంటకు ధర లేదు, రైతు అప్పులపాలు. సరిగ్గా అప్పుడే భవిష్యత్తు మీద నమ్మకం ఉందని పిల్లలతో చెప్పించారు. మనది యుద్ధం ఏడాది, వాళ్ళది కరువు ధరల ఏడాది. అంటే ఇలాంటి మాటలు అన్నీ బాగున్నప్పుడు పుట్టవు. బాగాలేనప్పుడు, బాగుచేస్తా అని ఇచ్చే మాట అది.

ఈ క్రీడ్ మీద వాళ్ళు పిల్లలకు పోటీ పెడతారు. చిన్న తరగతుల పిల్లలు స్టేజి ఎక్కి ఐదు పేరాలూ చూడకుండా చెప్పాలి. గొంతు, నిలబడే తీరు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఒత్తి పలకాలి, అన్నిటికీ మార్కులే. కానీ అసలు పరీక్ష తర్వాత ఉంటది. చెప్పడం అయిపోగానే జడ్జీలు ఐదు నిమిషాలు ప్రశ్నలు వేస్తారు. ఈ పేరాలో ఈ మాటకు నీ దృష్టిలో అర్థం ఏంది? మీ ఊళ్ళో అది ఎట్లా కనిపిస్తది? బట్టీ పట్టినవాడు అక్కడ దొరికిపోతాడు. ఎందుకంటే జవాబు ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

ఇదే పద్ధతి మన ప్రతిజ్ఞకు పెట్టి చూద్దాం. మన నల్లగొండ, పాలమూరు పిల్లల్నే స్టేజి ఎక్కిద్దాం.

దేశంలో అందరూ నా తోబుట్టువులే అనే భావం ప్రతిజ్ఞలో ఉంది. ప్రశ్న: మీ ఊళ్ళో అందరి ఇంట్లో నువ్వు నీళ్ళు తాగుతావా? నీ ఇంట్లో అందరికీ ఒకే గ్లాసులో ఇస్తారా? తోబుట్టువు అన్న మాట ఎంత బరువైందో ఈ ప్రశ్నతో తెలుస్తది.

జనం బాగుంటేనే నాకు సంతోషం అనే భావం ఉంది. ప్రశ్న: మీ నాయిన బోరు ఇంకో రెండు వందల ఫీట్లు దింపిస్తే పక్క చేనాయన బోరు ఎండిపోతది అనుకో. అప్పుడు నీ సంతోషం ఎక్కడుంది? దేవరకొండ వైపు, కల్వకుర్తి వైపు మెట్ట చేలల్లో ఇది కథ కాదు, ప్రతి ఎండాకాలం జరిగేదే. భూమి కింద నీళ్ళకు గెట్టు ఉండదు. ఒకరు తోడితే ఇంకొకరికి తగ్గుతది. నలుగురు రైతులు కూర్చుని రెండు బోర్లు వాడుకుందాం, వరి తగ్గించి ఆరుతడి పంట వేద్దాం అనుకుంటే, ప్రతిజ్ఞలో ఆ వాక్యం చేనులో అమలైనట్టు.

దేశానికి సేవ చేస్తా అంటాం. ప్రశ్న: సేవ అంటే మిలిటరీ ఒక్కటేనా? పాలమూరు లేబర్ అనే మాట మీరు వినే ఉంటారు. దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోసింది ఈ జిల్లా మనుషులే. కృష్ణా నది జిల్లా అంచు మీద పారుతుంటే ఇక్కడి చేలు వానకు ఎదురుచూశాయి. వాళ్ళు చేసింది దేశసేవ కాదా? బొంబాయికో, పూణెకో వలసపోయిన తల్లిదండ్రుల బిడ్డ హాస్టల్లో ఉండి పొద్దున్నే ఈ ప్రతిజ్ఞ చెప్తున్నప్పుడు, తల్లిదండ్రుల్ని గౌరవిస్తా అన్న మాట దగ్గర ఆ బిడ్డ చెప్పే జవాబు మనమందరం వినాల్సిందే.

నాకు అనిపించేది ఒక్కటే. కంఠస్థం చేయడం తప్పు కాదు. మన అమ్మమ్మలు, తాతలు అక్షరం రాకుండానే వందల పాటలు, పద్యాలు గుర్తుపెట్టుకున్నారు. నోటికి వస్తే ఆ మాట అవసరానికి పక్కనే ఉంటది. కానీ ఎవరో ఒకరు అడిగి, మనం మన మాటల్లో జవాబు చెప్పినప్పుడే అది మనదైతది. అప్పటిదాకా అది సుబ్బారావు గారి మాటే.

కాబట్టి చదువుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక చిన్న ఐడియా. జనవరి 26కో, ఆగస్టు 15కో మీ బడిలో ఉపన్యాస పోటీ ఎట్లాగూ ఉంటది. ఈసారి సార్‌నో మేడమ్‌నో అడిగి ఇట్లా పెట్టించండి. ఒక్కొక్కరు ప్రతిజ్ఞ నిదానంగా, ఒక్కో వాక్యం దగ్గర ఊపిరి తీసుకుంటూ చెప్పాలి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు. అడిగేవాళ్ళలో ఒక టీచరు, ఊళ్ళో ఒక రైతు, ఒక కూలీ అమ్మ ఉండాలి. జవాబు ఊరి ముచ్చటతోనే చెప్పాలి, గైడు భాష వద్దు. పాలెం వ్యవసాయ కళాశాలలో చదివే అన్నలు, అక్కలైతే ఇంకో ప్రశ్న కలపండి: సేద్యానికి భవిష్యత్తు ఉందని నువ్వు నమ్ముతున్నావా? అవునంటే దేన్ని చూసి? కాదంటే ఏం మారాలి?

కాదు అన్నవాడికి మార్కులు తగ్గించొద్దు. నిజం చెప్పినందుకు కలపండి.

మీ వంతుగా ప్రతిజ్ఞలో ఒక్క వాక్యం తీసుకుని, దాని మీద మీరు అడిగే ప్రశ్న కింద రాయండి. మంచి ప్రశ్నలు వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం.