పాత జాడీలు, గాజు సీసాలు: వేనిలో ఏమి నిల్వ చేయవచ్చును?

నూజివీడు తోటలనుండి పచ్చి మామిడికాయలు విజయవాడకు చేరగానే, కృష్ణా డెల్టా గ్రామాలలో అటకమీది జాడీలు క్రిందికి దిగును. వాటితోపాటు పాత హార్లిక్సు సీసాలు, తీగ బిగింపు మూతల సీసాలు కూడ వాడుకలోనికి వచ్చును. వీటిని వాడుటకు ముందు రైతు సోదరులు, గృహిణులు కొన్ని సంగతులు తెలిసికొనవలెను. పచ్చడి బూజుపట్టినచో డబ్బు నష్టము. కొన్ని పదార్థముల నిల్వలో పొరపాటు జరిగినచో ప్రాణాపాయమే కలుగును.

ఆవకాయ ఎందుకు నిలుచును?

ఉప్పు ముక్కలోని నీటిని లాగును. కాయలోని పులుపు హానికర సూక్ష్మజీవులను పెరుగనీయదు. పైన నిలిచిన నూనె గాలి తగులనీయక బూజును అరికట్టును. ఉప్పు, పులుపు ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలను తినివేయును. కాబట్టి గాజు, మంచి పింగాణి పాత్రలే పచ్చళ్ళకు తగినవి.

పాత పాత్రల పరీక్ష

1. సీసాను వెలుతురుకు ఎత్తి చూడవలెను. బీట గాని, అంచున పెచ్చు ఊడుట గాని ఉన్నచో వాడరాదు.

2. జాడీ లోపలి మెరుగు పూత పగిలినచో పచ్చడి పెట్టరాదు. కొన్ని పాత పూతలలో సీసము ఉండును. అది పులుపునకు కరగి ఆహారములో కలియును.

3. తుప్పుపట్టిన మూతలు, గట్టిపడిన రబ్బరు చుట్లు మార్చవలెను.

4. కడిగిన పాత్రను ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. తడి మిగిలినచో బూజు తప్పదు.

సీసాలలో ఉడికించి మూతవేయుట

ఈ పద్ధతిని 1810లో ఫ్రాన్సు దేశీయుడు నికొలా అపేర్ గ్రంథరూపమున వెల్లడించెను. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత సీసాకు పేటెంటు పొందెను. నాటి సీసాలు నేడు చూడ ముచ్చటగా ఉండును గాని, ఉడికించుటకు తగవు. పాత గాజు వేడికి హఠాత్తుగా పగులవచ్చును.

మరియొక ముఖ్య విషయము. చిక్కుడు, బెండ, మాంసము, చేపలవంటి పులుపులేని పదార్థములను ఇంటిలో నీట ఉడికించి, సీసాలో మూతవేసి నిల్వ చేయరాదు. బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు మరుగునీటికి చావవు. గాలిలేని సీసాలో అవి మొలిచి ఘోరమైన విషమును పుట్టించును. రుచి, వాసనలనుబట్టి ఆ విషమును కనిపెట్టుట సాధ్యము కాదు. ఫ్యాక్టరీలలో ఆవిరి ఒత్తిడితో సుమారు 121 సెంటీగ్రేడు డిగ్రీల వేడినిచ్చి ఈ బీజములను చంపుదురు. అన్నము వండు కుక్కరును ఆ పనికి నమ్మరాదు.

పరీక్షలో నెగ్గిన పాత సీసాలను ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ, ఉసిరి పచ్చళ్ళకు వాడవచ్చును. పచ్చడికి పనికిరాని జాడీలలో బాగుగా ఎండిన కూరగాయ విత్తనములను పోసి, మూత గట్టిగా బిగించి, పేరు, సంవత్సరము వ్రాసి ఉంచవలెను. వానాకాలపు తేమనుండి అవి విత్తనములను కాపాడును.