కాల్‌బ్యాక్‌కు కబురు చేర్చడం ఎలా?

సీ భాషలో మన ఫంక్షన్ అడ్రసును మరో ఫంక్షన్‌కు అప్పగిస్తే, అవసరమైనప్పుడు అది మనదాన్ని పిలుస్తుంది. ఇదే కాల్‌బ్యాక్. మార్కుల జాబితాను వరుసలో పెట్టే క్యూసార్ట్ ఇందుకు ఉదాహరణ. పోల్చవలసిన రెండు రికార్డుల అడ్రసులు మాత్రమే అది మన ఫంక్షన్‌కు ఇస్తుంది. లెక్కల మార్కులు చూడాలా, సైన్సు మార్కులా అన్నది చెప్పే దారి అందులో లేదు.

అందుకని చాలామంది గ్లోబల్ వేరియబుల్ వాడతారు. రెండు థ్రెడ్లు ఒకేసారి దాన్ని మారిస్తే ర్యాంకులు తారుమారై, అర్హుడి సీటే పోవచ్చు.

వివరాలను స్ట్రక్చర్‌లో పెట్టి, దాని అడ్రసును వాయిడ్ పాయింటర్‌గా ఫంక్షన్‌తోపాటే పంపడం మేలైన పద్ధతి. పీథ్రెడ్ క్రియేట్‌లో నాలుగో ఆర్గ్యుమెంట్ ఇదే. 2008లో వచ్చిన జీలిబ్‌సీ 2.8లో క్యూసార్ట్ ఆర్ ఈ సౌకర్యం ఇచ్చింది.

ఒక్క జాగ్రత్త: కాల్‌బ్యాక్ పని పూర్తయ్యేదాకా ఆ డేటా బతికుండాలి. లోకల్ వేరియబుల్ అడ్రసు ఇచ్చి ఫంక్షన్ ముగిస్తే అది దక్కదు. అప్పుడు మాలాక్ వాడండి, పనయ్యాక ఫ్రీ చేయడం మరవకండి.