ఆస్పత్రి గుమ్మం దాకా తోడు

ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు అన్న అర్థం 'కాందిశీకుడు' అనే మాటలోనే ఉంది. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు' అన్న సంస్కృత ప్రశ్న నుంచి ఆ పదం పుట్టిందని నిఘంటుకారులు వివరిస్తారు. 1951లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో కుదిరిన ఒడంబడిక ఈ మాటకు చట్టపరమైన హద్దు గీసి, జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం అనే కారణాల వల్ల తమను హింసిస్తారన్న సహేతుకమైన భయంతో స్వదేశం దాటినవారినే కాందిశీకులుగా గుర్తించింది. వరదకో, తుపానుకో, ఆనకట్టకో ఇల్లు పోగొట్టుకుని స్వదేశంలోనే మరోచోట తలదాచుకున్నవారు ఆ నిర్వచనంలోకి రారు, వారు నిర్వాసితులు. భారతదేశం ఆ ఒడంబడిక మీద గానీ, 1967 నాటి అనుబంధ ఒప్పందం మీద గానీ సంతకం చేయలేదు కనుక ఇక్కడ కాందిశీకులకు ప్రత్యేకమైన చట్టం లేదు. అయితే వైద్యం సంగతి వచ్చేసరికి కాందిశీకుడికీ నిర్వాసితుడికీ మధ్య ఉన్న ఈ తేడా బాగా పలచబడుతుంది, ఎందుకంటే ఇద్దరికీ ఆస్పత్రి దారిలో అడ్డుపడేవి దాదాపు ఒకటే: రాని భాష, లేని కాగితం, చాలని డబ్బు, ఎవరు పట్టుకుంటారోనన్న భయం.

2024 చివరికి ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది హింస వల్ల, యుద్ధాల వల్ల ఇళ్లు విడిచి ఉన్నారని ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ లెక్క కట్టింది. సరిహద్దు దాటినవారిలో ఎక్కువమంది చేరింది సంపన్న దేశాలకు కాక, తమ ప్రజలకే మంచాలు చాలని ఆస్పత్రులున్న పొరుగు దేశాలకు. అటువంటి చోట్ల చర్చిలు, క్రైస్తవ సేవాసంస్థలు చేసే పనిని చాలామంది మందుల పంపిణీగానే ఊహించుకుంటారు గానీ, ఆ పనిలో కష్టమైన భాగం రోగిని మందు ఉన్న చోటికి చేర్చడమే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతానికి ఈ విషయం కొత్తది కాదు, ఎందుకంటే విదేశీ క్రైస్తవ వైద్యం ఇక్కడికి వచ్చింది, ఇక్కడి మనుషులూ విదేశాలకు వెళ్లి కొన్నిసార్లు దిక్కులేని స్థితిలో పరాయివారి వైద్యానికి చేయి చాచవలసి వచ్చింది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగులు దానిలో కలుస్తాయి, మిగులు నీరు ఆకివీడు దాపున మొదలయ్యే ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక తవ్విన కాలువలు ఏలూరులో కలిశాయి. గోదావరి నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చేది ఒకటి, కృష్ణ నుంచి వచ్చేది మరొకటి. ఆ రోజుల్లో ఈ కాలువలే రహదారులు. ధాన్యం, ఉప్పు, పెళ్లివారు, సర్కారు ఉద్యోగులు, మతబోధకులు అందరూ పడవల మీదే తిరిగారు, లంకల్లోని వారు తాటి దోనెల మీద గట్టు చేరారు. నీరే దారి అయిన చోట రోగం దారి కూడా నీరే కావడం సహజం. కాలువ నీళ్లు తాగే ఊళ్లలో కలరా వచ్చిందంటే అది పడవతో పాటు ఊరూరా ప్రయాణించేది.

కెనడా బాప్టిస్టు మిషన్ తెలుగునాట పని మొదలుపెట్టింది 1874లో, కాకినాడలో. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు క్రైస్తవుడు అప్పటికే అక్కడ నాటిన సంఘాన్ని ఆధారం చేసుకుని జాన్ మెక్‌లారిన్ దానిని నడిపాడు. 1880లో జాన్ క్రెయిగ్ ఆకివీడును కేంద్రంగా చేసుకున్నాడు. 1890ల నడుమ వచ్చిన వైద్యురాలు పెర్ల్ స్మిత్, మిషనరీ జెస్సీ చ్యూట్‌ను వివాహమాడి ఆకివీడులో స్థిరపడి వైద్యం ఆరంభించడంతో, 'స్టార్ ఆఫ్ హోప్' అనే ఆస్పత్రికి ఆ ఊరిలో పునాది ఏర్పడింది. ఈ ఆస్పత్రిని కాందిశీకుల కోసం కట్టలేదు, దానిని కాందిశీకుల ఆస్పత్రి అని పిలవడం చరిత్రకు అన్యాయం. కానీ వరద ఏడాది లంక విడిచి గట్టు మీద గుడిసె వేసుకున్నవారికీ, పుట్టుక కారణంగా ఊరి బావికీ ఊరి వైద్యానికీ కూడా దూరమైనవారికీ ఆ కాలపు మిషన్ ఆస్పత్రులు ఏ పద్ధతిలో వైద్యం అందించాయో, ఈనాడు కాందిశీకుల శిబిరాల్లో దాదాపు అదే పద్ధతి కనిపిస్తుంది.

ఆ పద్ధతిలో మొదటిది, ఆడవారికి ఆడ వైద్యురాలు. పురుష వైద్యుడికి నాడి చూపించడానికి కూడా సంకోచించే ఇళ్లలో ప్రసవం మంత్రసాని చేతిలో జరిగేది, అది కష్టమైతే తల్లికి వేరే దారి ఉండేది కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ 1898 నాటికి అక్కడ స్త్రీల ఆస్పత్రిని నిలబెట్టడానికీ, రాజమండ్రిలోనూ భీమవరంలోనూ లూథరన్ మిషన్ వైద్యం సాగించడానికీ, ఆకివీడులో ఒక వైద్యురాలికి అంత గిరాకీ ఏర్పడటానికీ కారణం ఒకటే. రెండవది, రోగితో వచ్చిన కుటుంబాన్ని ఆస్పత్రి ఆవరణలోనే ఉండనిచ్చి, వండుకోనిచ్చి, వారి చేతనే సేవ చేయించడం. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది, మిషన్ చరిత్ర గ్రంథాలు అన్నిటికంటె తక్కువ చోటిచ్చినది: మధ్యలో నిలిచే మనిషి. దొరసానమ్మ ఇంగ్లీషును పల్లె తెలుగులోకీ, పల్లె వారి నొప్పిని దొరసానమ్మకు అర్థమయ్యే మాటలోకీ మార్చే దుబాసీలు, కాంపౌండర్లు, ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీలు, కొత్తగా శిక్షణ పొందిన తెలుగు నర్సులు లేకపోతే ఆ ఆస్పత్రులకు రోగులే వచ్చేవారు కాదు. వార్షిక నివేదికల్లో వైద్యుల పేర్లు, దాతల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పడవ మీద రోగిని తెచ్చినవారి పేర్లు చాలావరకు ఉండవు. ఆ నివేదికలు విదేశీ దాతలను ఉద్దేశించి రాసినవి కావడం దీనికి ఒక కారణం కావచ్చు.

తెలుగువారు తామే కాందిశీకులైన పెద్ద సందర్భం బర్మాది. కోరంగి రేవు పేరుమీద బర్మాలో 'కోరంగీలు' అని పిలిపించుకున్న తెలుగు కూలీలు రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేస్తూ, రిక్షాలు లాగుతూ బతికారు. 1942లో జపాన్ సైన్యం రావడంతో సుమారు 5 లక్షల మంది భారతీయులు ఓడలు దొరికినంతవరకు ఓడల మీద, తక్కినవారు అరకాన్ దారిలోనూ మణిపూర్ కొండల మీదుగానూ నడిచి స్వదేశం చేరారు. దారిలో కలరా, మలేరియా, రక్త విరేచనాలు వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. నాంఖాంలో అమెరికన్ బాప్టిస్టు ఆస్పత్రి నడిపిన గోర్డన్ సీగ్రేవ్ తన కచిన్, కరెన్, షాన్ నర్సులతో సహా అదే వేసవిలో జనరల్ స్టిల్‌వెల్ బృందంతో కాలినడకన ఇంఫాల్ చేరాడు. అంటే ఆ అడవిలో వైద్యం చేసే నర్సులు కూడా ఆ సమయానికి కాందిశీకులే. 1964 తరువాత జాతీయీకరణ వల్ల మరో విడత వచ్చినవారిని ఆంధ్ర ప్రాంతంలో స్థిరపరిచారు, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఆ జ్ఞాపకాన్ని నేటికీ మోస్తోంది.

కాందిశీకుల వైద్యంలో అతి పెద్ద మలుపు మాత్రం మిషన్ ఆస్పత్రిలో రాలేదు, ఆ మాట ఇక్కడ చెప్పడం న్యాయం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి సుమారు కోటి మంది భారతదేశంలోకి వచ్చినప్పుడు, బొన్‌గావ్ ఆస్పత్రిలో కలరా రోగులకు నరం ద్వారా ఎక్కించే సెలైన్ అయిపోవడంతో, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా కలిపి నోటి ద్వారా పట్టించాడు. పేగు గ్లూకోజును పీల్చుకునేటప్పుడు దానితో పాటు ఉప్పునూ నీటినీ లోపలికి తీసుకుంటుంది కనుక, విరేచనాలు ఆగకపోయినా ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆ శిబిరాల్లో 30 శాతం దాకా ఉన్న మరణాలు అతని పర్యవేక్షణలో 3.6 శాతానికి తగ్గాయి. ఆ ద్రావణాన్ని గ్లాసుతో పట్టించినవారు డాక్టర్లు కారు, రోగి పక్కన కూర్చున్న తల్లులు, అన్నదమ్ములు; ఆకివీడు వంటి చోట్ల బంధువుల చేతిలో పెట్టిన సేవ ఇక్కడ ఏకంగా చికిత్స అయింది. దేశ విభజన కాందిశీకుల కోసం 1947లో ప్రొటెస్టెంటు సంఘాలు ఏర్పరచుకున్న సహాయ కమిటీ నుంచి పెరిగిన 'కాసా' సంస్థకూ, 1971 కాందిశీకుల సేవతో భారతదేశంలో వేళ్లూనిన లూథరన్ సేవాసంస్థకూ ఆ ఏడాది పెద్ద పాఠశాల.

గల్ఫ్ దారి మరో రకమైనది. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి మిషన్ 1903లో బహ్రెయిన్‌లో ఆస్పత్రి తెరిచింది. 1912లో కువైట్ చేరిన వైద్యురాలు ఎలినార్ కాల్వర్లీ, ఆకివీడులో పెర్ల్ చ్యూట్ ఎదుర్కొన్నటువంటి పరదా సమస్యనే అక్కడ ఎదుర్కొంది. కువైట్ మిషన్ ఆస్పత్రి 1967లో మూతపడింది. దాని తరువాతి దశాబ్దాలలో గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా డెల్టా పల్లెల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనికి ఆ దేశానికే వెళ్లారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో, వారిలో చాలామంది పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోగా, బస్సుల మీద బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దు ఎడారిలోని గుడారాలకు చేరారు. అక్కడి నుంచి అమ్మాన్ విమానాశ్రయం ద్వారా సుమారు 1,70,000 మంది భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు స్వదేశం చేర్చాయి. ఎడారి గుడారాల్లో ఎండదెబ్బ, నీళ్ల విరేచనాలు, గర్భిణుల అవస్థ అన్నీ కలిసి వచ్చాయి. రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ సంఘాలతో పాటు, 1967 యుద్ధ కాందిశీకుల కోసం పుట్టిన కారితాస్ జోర్డాన్ వంటి క్రైస్తవ సంస్థలూ అక్కడ పనిచేశాయి. అరబ్బీ వంటింటి మాటలు తప్ప తక్కిన భాష రాని స్త్రీకి, నెలసరి తప్పిందనీ కడుపులో నొప్పి అనీ పరాయి మగవాడికి చెప్పవలసి రావడం ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు అటువంటి సంస్థలు చేసే పనిని మూడు మాటల్లో చెప్పవచ్చు: ప్రాథమిక వైద్యం శిబిరంలో, పెద్ద రోగానికి రిఫరల్, రెండింటి నడుమ కేస్ వర్కర్. రిఫరల్ అంటే చీటీ రాసి పెద్దాస్పత్రికి పంపడం. ఆ చీటీ పట్టుకుని కాందిశీకుడు ఒంటరిగా వెళితే తరచూ గేటు దగ్గరే ఆగిపోతాడు గనుక, రోగితో వెళ్లి, భాష మార్చి, బిల్లులో ఎంత భాగం సంస్థ భరిస్తుందో అక్కడి గుమాస్తాకు చెప్పి, మందుల వేళలు రోగికి వివరించి తిరిగి తీసుకువచ్చే మనిషే కేస్ వర్కర్. లెబనాన్‌లో కారితాస్ 1994 నుంచి వలస కార్మికుల కోసం నడిపే కేంద్రంలోనూ, ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి సంస్థతో కలిసి పనిచేసిన సలేసియన్ సభ వారి 'బాస్కో'లోనూ నడిచింది ఈ పనే. నూరేళ్ల కిందటి కొల్లేటి బైబిలు స్త్రీ ఈ ఉద్యోగాన్ని చూస్తే వెంటనే గుర్తుపట్టేది.

ఆమె గుర్తుపట్టని అంశం ఒకటుంది. ఆనాటి మిషన్ వైద్యం సువార్త కోసమే నడిచింది, ఔషధశాల వరండాలో మందు కోసం ఎదురుచూసేవారికి వాక్యం వినిపించడం నియమంగా ఉండేది, ఆ సంగతిని మిషన్‌లు దాచలేదు కూడా. కాందిశీకుడి విషయంలో ఆ నియమం ప్రమాదకరమవుతుంది, ఎందుకంటే మందు తప్ప వేరే గతి లేనివాడు వాక్యం విననని చెప్పగలిగే స్థితిలో ఉండడు. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి రూపొందించిన ప్రవర్తనా నియమావళి, సహాయాన్ని ఏ మత, రాజకీయ దృక్పథాన్నీ పెంచడానికి వాడరాదని స్పష్టంగా చెప్పింది. దాని వెనుక నిలిచిన సంస్థల్లో కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. మిషన్ వైద్యాన్ని పూర్తిగా మతమార్పిడి ఎత్తుగా కొట్టిపారేసేవారు ఈ సంగతిని మరచిపోతారు. దానిని నిష్కళంకమైన త్యాగంగా కీర్తించేవారు ఆ పాత వరండాను మరచిపోతారు. ఆకివీడు ఆస్పత్రి గురించి నిజం చెప్పాలంటే ఆ రెండూ కలిపి చెప్పవలసిందే.

కొల్లేటికి నీటి భయం ఇంకా తీరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా పల్లానికి దిగి లంక ఊళ్లను చుట్టుముట్టింది. అలా కదిలినవారు తెలుగు మాట్లాడతారు, రేషన్ కార్డు చూపగలరు, ఏలూరు ఆస్పత్రిలో చిరునామా చెప్పగలరు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉంటున్న రోహింగ్యాలకు ఆ మూడూ లేవు. ఐక్యరాజ్యసమితి ఇచ్చిన చిన్న కార్డు ఒకటి ఉంటుంది, అది ఆధార్ కాదు, ఆరోగ్యశ్రీకి పనికిరాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాసే చోట రోగి రోహింగ్యా భాషలో చెప్పినదాన్ని వెంట వచ్చిన మనిషి ఉర్దూలోకి మారుస్తాడు, గుమాస్తా దాన్ని తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాసుకుంటాడు, తరువాత శాశ్వత చిరునామా ఏమిటని అడుగుతాడు.